అడ్డం పదకొండు

ఆదివారం పొద్దున్న పదింటిలోపు గళ్ళ నుడికట్టు నింపి పత్రికాఫీసుకు చేర్చాలని రిటైరైన టీచరమ్మ పథకం. ఈసారి అంశం "మన చిన్ననాటి ఇల్లు". అన్నీ సరిగ్గా నింపి ముందుగా ఇచ్చినవాళ్ళకు ఒక వారం నుడికట్టు తయారుచేసే అవకాశం ఇస్తారట. ముప్పై ఏళ్ళుగా ఒకళ్ళు గీసిన గళ్ళు నింపుతున్న ఆవిడకు, ఒక్కసారైనా తానే గీయాలని కోరిక. ఇందులో ఆవిడకు తోడు రేడియోలు బాగుచేసే మేస్త్రీ.

"మేస్త్రీగారూ, ట్రంకుపెట్టె సరిపోయింది," అందావిడ ఫోనులో. "మా ఇంట్లో అందరి బట్టలూ అందులోనే ఉండేవి. మూత తీస్తే గదంతా కలరా ఉండల వాసన."

"మా అన్నయ్య ఆ మూత మీదే పడుకునేవాడండీ. చొక్కా కావాలంటే వాణ్ణి లేపాలి."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఇక మిగిలింది అడ్డం పదకొండు: 'మునిగితేనే మాట్లాడేదానికి బావి.' నాలుగు గడులు. ఎంతకీ తట్టడం లేదు.

"మనకింక అడ్డం ఒక్కటే. అది తేలిపోతే పావుతక్కువ పదికల్లా స్కూటరు తెచ్చేయండి."

గుమ్మం అవతల కొడుకు చెవిన పడ్డవి మూడే ముక్కలు: ట్రంకుపెట్టె, అడ్డం, స్కూటరు. పాత పత్రికల గుట్ట చూసి, "ఇంట్లో ఈ చెత్తైనా ఉండాలి, నేనైనా ఉండాలి," అని అతను ముందురోజే విసుక్కున్నాడు. అమ్మ పెట్టె సర్దుకుని వెళ్ళిపోతోందనుకుని వెంటనే తోబుట్టువుకు ఫోను చేశాడు.

తొమ్మిదింటికల్లా కూతురూ అల్లుడూ దిగారు. అల్లుడూ కొడుకూ కలిసి ఆవిడ మంచం కింది ట్రంకుపెట్టెను అటకెక్కించారు. కోడలు చార్జింగు వంకతో ఫోను పట్టుకుపోయింది. కూతురు కాళ్ళు పట్టడం మొదలుపెట్టింది.

"నాకేమన్నా జబ్బని డాక్టరు చెప్పాడా?" అంది టీచరమ్మ, పెన్సిలు దించకుండానే.

ఫోను ఎత్తకపోయేసరికి మేస్త్రీ పది నిమిషాలు ముందే వచ్చేశాడు. కొడుకు గేటుకి అడ్డంగా నిలబడ్డాడు.

"మా అమ్మని వదిలేయండి."

"అడ్డం తేలకుండా ఎలా వదిలేస్తాం బాబూ?"

"ఆ అడ్డం నేనే అనుకోండి."

మేస్త్రీ వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "కుదరదు. నాలుగు గడులుండాలి."

గొడవ విని టీచరమ్మ పత్రిక పట్టుకుని వచ్చింది. ఆవిణ్ణి చూడగానే కొడుకు గేటు వదిలి ఎదురెళ్ళాడు. "ఎలా వెళ్ళాలనిపించిందమ్మా? ఇందాక పెట్టె ఎత్తుతుంటే మూత ఊడింది. నేను సిరాబుడ్డి ఒలకబోసుకున్న చొక్కా, ఇన్నేళ్ళూ దాచావు..."

"ఏం ఒలకబోసుకున్నావు?"

"సిరాబుడ్డి."

టీచరమ్మా మేస్త్రీ ఒకరినొకరు చూసుకున్నారు. ఆవిడ స్కూటరు సీటు మీదే పత్రిక పరిచి నాలుగు గడులూ నింపింది. తర్వాతే కొడుకు తల నిమిరింది. "నేనెక్కడికి పోతాన్రా? నువ్వు మొదటిసారి కలం పట్టిన రోజది. ఆ మరక నేనే ఉతకనివ్వలేదు."

కథంతా తేలి, స్కూటరు పత్రికాఫీసు చేరేసరికి పదీ పది. కిటికీ మూసేశారు. నింపిన పత్రికతోనే ఇద్దరూ తిరిగొస్తే, ఇంటిల్లిపాదీ వసారాలో చేరి ఒక్కో గడీ చదివించుకుని, ఒక్కో వస్తువుకీ ఒక్కో కథ చెప్పించుకుంటూ మధ్యాహ్నం భోజనం సంగతే మరిచిపోయారు.

పై ఆదివారం టీచరమ్మ లేచేసరికి కొడుకూ కోడలూ ఆనందంగా పత్రిక తెచ్చి చేతికిచ్చారు. గళ్ళన్నీ నిండి ఉన్నాయి, పెన్నుతో, ఆరు తప్పులతో.