లేని వంతెనకి థాంక్సు కాయితం

ప్రజాసేవ కన్నా కష్టమైన పని ఈ భూమ్మీద ఇంకోటి లేదు. నలభై ఏళ్ళు తాపీ పని చేసినవాణ్ణి, నేను చెప్తున్నాను. ఇటుకలు మోస్తే మోసినవాడి నడుమే పోతుంది. ప్రజాసేవలో అలా కాదు, చేయించుకున్నవాళ్ళ నడుములు పోతాయి.

మా ఎమ్మెల్యే గారు ఈ పనిలోకి దిగి పాతికేళ్ళు. ఎలా దిగారో నా కళ్ళతో చూశాను. మా వీధిలో కట్టెల అడితి అంటుకుంది. అందరం వరసగా నిలబడి బకెట్లు అందిస్తున్నాం. ఆయన ఒక స్టూలెక్కి, "అందించండి, అందించండి" అన్నారు. అప్పటిదాకా మా అంతట మేమే అందిస్తున్నాం. ఆయన అన్నాక, ఆయన చెప్తే అందిస్తున్నట్టయింది. (ఆయన చొక్కా మీద ఒక్క చుక్క పడలేదు.) మర్నాడు వీధి సంఘానికి అధ్యక్షుడు. అక్కణ్ణించి కౌన్సిలరు, ఆపైన నాలుగుసార్లు ఎమ్మెల్యే. స్టూలు దిగింది లేదు.

మా వీధికీ ఆస్పత్రికీ మధ్య పెద్ద మురుగుకాలువ ఉంది. దాని మీద నడిచే వంతెన పోయిన వానలకి కొట్టుకుపోయింది. మా ఆవిడకి షుగరు, పాదం మీద పుండు. రోజు విడిచి రోజు కట్టు మార్చాలి, లేకపోతే కాలు దక్కదని డాక్టరమ్మ మొహమ్మీదే చెప్పింది. వంతెన ఉంటే ఐదు నిమిషాలు. లేదు కాబట్టి చుట్టూ తిరిగి గంటన్నర. ఆ చుట్టుదారి అంతా తవ్వి పడేశారు, ఆటో రాదు. (అభివృద్ధి జరుగుతోంది.) నేనూ, పక్కింటి టైలరూ ఆమెని కుర్చీలో కూచోబెట్టి మోసేవాళ్ళం. ఒక్కోసారి మేం చేరేసరికి కట్లు కట్టే గదికి తాళం.

"ఏమయ్యా, ఆ రొప్పుడేంటి? ఒకప్పుడు సిమెంటు బస్తా భుజాన వేసుకుని ఈల వేసేవాడివి" అనేది కుర్చీలోంచి.

"సిమెంటు బస్తా నోరెత్తేది కాదే" అనేవాణ్ణి.

వంతెన కోసం అర్జీ పట్టుకుని ఎమ్మెల్యే గారి ఆఫీసుకి పోయాను. అక్కడ రెండు బల్లలు. మొదటిది థాంక్సుల బల్ల, రెండోది అర్జీల బల్ల. మొదటిది దాటితే గాని రెండోదాని దగ్గరికి పోనివ్వరు. మొదటి బల్ల దగ్గర పీఏ గారే కూచున్నారు.

"తాతా, ముందు థాంక్సు కాయితం ఇవ్వు" అన్నాడు.

"దేనికి బాబూ?"

"పని చేసిపెట్టినందుకు."

"పనేంటో ఇంకా చెప్పనేలేదుగా?"

"పనయ్యాక తిరిగొచ్చి థాంక్సు చెప్పినవాణ్ణి నీ జన్మలో చూశావా? నేను చూళ్ళేదు. అందుకే ముందే తీసుకుంటున్నాం. సారు పాతికేళ్ళ సేవ మీద పుస్తకం కూడా వేస్తున్నాం."

నిజమే అనిపించింది. (ఆ ఫ్యాను కింద కూచుంటే ఏదైనా నిజమే అనిపిస్తుంది.) కాయితం అచ్చేసే ఉంది, తీరిన కష్టం పేరు ఒక్కటే ఖాళీ. అక్కడ పీఏ గారే 'వంతెన' అని రాశారు. నేను వేలిముద్ర వేశాను.

రెండో బల్ల గుమాస్తా నా అర్జీ తీసుకుని, కంప్యూటర్లో చూసి, నా మొహంలోకి చూశాడు.

"వంతెన వచ్చిందని ఇప్పుడే గదా వేలిముద్ర వేశావు? మళ్ళీ వంతెనంటావేంటి? ఒక వీధికి రెండు వంతెనలిస్తే పక్క వీధివాళ్ళు ఊరుకుంటారా?"

"రాలేదు బాబూ. ఇస్తారని వేశాను."

"అయితే సారు చేసిపెట్టింది అబద్ధమంటావా?"

అనలేదు. అనే వయసు దాటిపోయింది.

అయినా వాళ్ళు తనిఖీకి ఇంజనీరుని పంపారు. వంతెన లేదని చెప్పడానికి నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆయన కాలువ గట్టున నిలబడి ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూశాడు. 'వంతెన బాగుంది, పగుళ్ళు లేవు' అని రాసుకున్నాడు. పగుళ్ళు లేని మాట వాస్తవం.

మళ్ళీ పీఏ గారి దగ్గరికే పోయాను. "బాబూ, మీకు శ్రమ ఎందుకు? నలుగుర్ని పెట్టుకుని వారంలో నేనే కట్టుకుంటాను, సరేనంటే చాలు" అన్నాను.

"ఉన్న వంతెన మీద ఇంకో వంతెన కడితే ఆక్రమణ కింద కేసవుతుంది తాతా. పెద్దవాడివి, ఈ వయసులో ఎందుకు?" అన్నాడు. నా మంచి కోరే అన్నాడు.

తర్వాత పుస్తకం సభ. వంతెన వల్ల బాగుపడిన మనిషిగా మా ఆవిణ్ణి వేదిక ఎక్కించాలన్నారు. అది కట్టు మార్చే రోజు. సభ అవగానే కారులోనే ఆస్పత్రి దగ్గర దింపుతామంటే ఒప్పుకున్నాం. ఆ రోజు చుట్టుదారి గుంటలన్నీ మట్టితో పూడ్చారు, కారు జారిపోయినట్టు వచ్చింది. (మర్నాడు మట్టి వెనక్కి తీసుకెళ్ళారు.)

ఎమ్మెల్యే గారు మైకు ఆమె ముందు పెట్టి, "మన వంతెన ఎలా ఉందమ్మా?" అన్నారు.

"నాకైతే కనపడలేదు నాయనా" అంది మా ఆవిడ.

"చూశారా, ఈ అమ్మకి చూపు కూడా సరిగా లేదు! వచ్చే నెల్లో కంటి శిబిరం పెట్టిస్తున్నాను!" అన్నారు. ఒకటే చప్పట్లు. సందు చూసుకుని నేనూ కొట్టాను, కొట్టకపోతే కారు ఎక్కించరేమోనని.

సభ చీకటిపడేదాకా సాగింది. కారు ఇంకెవరినో దింపడానికి పోయింది. ఆ తర్వాత నాలుగు రోజులు వాన, కుర్చీ కదల్లేదు. ఐదో రోజు నేనూ టైలరూ మోకాళ్ళ లోతు నీళ్ళలో మోసుకుపోయాం. డాక్టరమ్మ కట్టు విప్పి, టైలర్ని బయటికి పంపేసి, నన్ను కూచోమంది. కాలు మోకాలి కింద తీసేశారు.

ఆమెని ఇంటికి తెచ్చిన వారానికి ఆఫీసు నుంచి గుమాస్తా వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "అమ్మగారు ఇప్పుడు కట్టు కోసం అవతలికి వెళ్ళాలా?" అని అడిగాడు.

"ఇంక ఆ పని లేదు బాబూ. కట్టడానికి ఆ పాదం లేదు" అన్నాను.

ఆయన మొహం వెలిగింది. వంతెన కావాలన్న మా వీధి సమస్య రెండోసారి కూడా పరిష్కారమైందని, నా ఎదురుగానే రాసుకుని వెళ్ళాడు.