తాళం పరువు

ఆ ఉదయం ఆ ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. అమ్మాయి తొమ్మిదిన్నరకు బయలుదేరి పదకొండింటికి ఇంటర్వ్యూకు చేరుకోవాలి. తల్లి బట్టలు ఇస్త్రీ చేసిపెట్టాలి. తండ్రి దేనికీ అడ్డు రాకుండా ఒకచోట కూర్చోవాలి. కుదరనిది ఆ చివరిదే.

తండ్రి హెడ్‌గుమాస్తాగా రిటైరయ్యారు. ఆఫీసులో పడ్డ ‘రూల్సుగారు’ అనే పేరు మాత్రం రిటైర్ కాకుండా ఆయన వెంటే ఇంటికి వచ్చింది. అటక మీద దొరికిన తాతగారి ఇత్తడి తాళాన్ని ఆయన రెండు రోజులుగా తోముతున్నారు. అది తళతళలాడేసరికి ఆగలేక, వరండా గ్రిల్లుకు తగిలించి నొక్కారు. టక్కుమంది.

“విన్నావా ఆ చప్పుడు! ఇప్పటి తాళాలు ఇలా పలుకుతాయా?” అన్నారు మురిసిపోతూ.

“బాగానే పలికింది. చెవేదీ?” అంది భార్య.

“చెవా? అది తాతగారి దగ్గరుండేది.”

తాతగారు పోయి నలభై ఏళ్లయింది. ఆ ఇంటికి మరో గుమ్మం లేదు.

అమ్మాయి ఫోను తీసి వీధి మలుపులో కొట్టున్న తాళాలాయన్ని పిలిచింది. ఆయన పది నిమిషాల్లో రేకుపెట్టెతో వచ్చి మెట్ల మీద కూర్చుని, చువ్వల మధ్య నుంచి తాళాన్ని తనవైపు తిప్పుకున్నాడు.

“రంపంతో కోస్తే అయిదు నిమిషాల పనండీ.”

“కొయ్యడమా?” రూల్సుగారి గొంతు వీధి చివరిదాకా వినిపించింది. “మా తాతగారి తాళాన్ని కొయ్యడానికి నీకు చేతులెలా వస్తాయయ్యా?”

“అయితే కొత్త చెవి చెయ్యాలి. గంట పడుతుంది.”

“పాత చెవి లేకుండా కొత్త చెవి ఎలా చేస్తావు?”

“తాళాన్నే అడుగుతానండీ.”

అడిగే పద్ధతి ఇదీ. పళ్లు కొయ్యని ఉత్త చెవి అంచును సన్నటి ఆకురాయితో నున్నగా మెరిసేలా రుద్దాడు. తాళంలో దూర్చి, గట్టిగా తిప్పి పట్టుకుని పైకీ కిందికీ ఆడించాడు. బయటికి తీసి వెలుతురులో వాల్చి చూశాడు. లోపలి పిన్నులు నొక్కినచోట చీమతల కంటే చిన్న మచ్చలు పడ్డాయి. మచ్చ ఉన్నచోటే ఒక్క పిసరు అరగదీశాడు. మళ్లీ దూర్చాడు, ఆడించాడు, తీసి చూశాడు. ఒకచోట మచ్చ పడటం మానేస్తే అక్కడి పన్ను కుదిరినట్టు. ఎక్కువ అరగదీశాడా, ఆ చెవి పనికిరాదు, మొదటికి రావలసిందే.

ఇది చూసి రూల్సుగారికి కొత్త కోపం పుట్టింది. “అంటే ఎవడైనా వచ్చి తీసెయ్యొచ్చన్నమాట! ఇది అంత చులకన తాళం అనుకున్నావా?”

“తెరుచుకోకూడదా అండీ?”

“తెరుచుకోవాలి. కానీ కొంచెం పరువుగా తెరుచుకోవాలి!”

గడియారం తొమ్మిదీ నలభై చూపించింది. అమ్మాయి ఓర్పు నశించింది. “నన్ను బయటికి వెళ్లనిస్తారా లేదా నాన్నా? ఈ జన్మకి నన్ను ఉద్యోగం చెయ్యనివ్వరా?” అని గ్రిల్లు పట్టుకుని అరిచింది.

అది ఎదురింటి టీచరమ్మ చెవిన పడింది. చేతిలో దువ్వెనతోనే ఆవిడ వచ్చేసింది. “ఏవండీ, చదువుకున్న పిల్లని లోపల పెట్టి తాళం వేస్తారా? సిగ్గుగా లేదూ?”

“తాళం వేసింది నేనే, కాదనను. కానీ—”

“పైగా ఒప్పుకుంటున్నారు కూడానా!”

టీచరమ్మ గొంతు పాఠాలు చెప్పి రాటుదేలినది. అయిదు నిమిషాల్లో పాతికమంది మెట్ల దగ్గర పోగయ్యారు. లోపలి పెద్దమనిషికి బుద్ధి చెప్పడానికి ఒకరినొకరు తోసుకున్నారు.

“వెలుతురుకి అడ్డం లేవండి! మచ్చ కనపడట్లేదు!” అని తాళాలాయన మొత్తుకున్నాడు. ఎవరి మోచెయ్యో తగిలింది. ఆకురాయి సర్రున దిగింది. రెండు పళ్లు కుదిరిన చెవి చెత్తలో కలిసింది. పళ్లు పటపట కొరుకుతూ పెట్టెలోంచి ఇంకో ఉత్త చెవి తీశాడు.

అప్పుడే గుంపును చూసి కానిస్టేబులు వచ్చాడు. “పట్టపగలే గ్రిల్లు కోస్తున్నావా?”

“కొయ్యట్లేదు సార్! కొయ్యొద్దన్నందుకే ఈ గొడవంతా!”

కానిస్టేబులు రూల్సుగారి వైపు తిరిగాడు. “ఈ మనిషి మీకు తెలుసా?”

జీవితంలో ఏనాడూ తనకు రుజువు లేని మాట మీద సంతకం పెట్టని మనిషి ఆయన. “తెలుసని ఎలా చెప్పను? పేరు కూడా అడగలేదు” అన్నారు.

కానిస్టేబులు ఆకురాయి లాక్కున్నాడు. తాళాలాయన ముఖం కందగడ్డలా అయింది. “ఇరవయ్యేళ్ల నుంచి అదే మలుపులో కూర్చున్నాను. రోజూ నా కొట్టు ముందునుంచే నడుస్తారు. నేను తెలియదా?” అని పెట్టె మూశాడు.

“అన్నయ్యా, ఆయన మాట వదిలెయ్యి. పిల్ల ముఖం చూడు” అంది భార్య చువ్వల్లోంచి తాళాలాయనకి చేతులు జోడించి. తర్వాత కానిస్టేబుల్‌కి జరిగింది మూడు ముక్కల్లో చెప్పింది. మొదటినుంచీ ఆవిణ్ణి ఎవరూ అడగలేదు గాని, ఆ మూడు ముక్కలే చాలాయి. కానిస్టేబులు ఆకురాయి తిరిగిచ్చి గుంపును వెనక్కి జరిపాడు. తాళాలాయన మళ్లీ కూర్చున్నాడు.

పదిన్నర దాటేసరికి రూల్సుగారి గుండె జారింది. “పోనీ, కోసెయ్యవయ్యా!”

“ఇప్పుడా?” తాళాలాయన తల ఎత్తలేదు. “నాలుగు పళ్లు మాటిచ్చాక కోస్తానా? నాకూ పరువుందండీ!”

పదకొండు కొట్టడానికి పది నిమిషాలుండగా తాళం నోరు తెరిచింది. వీధంతా చప్పట్లు కొట్టింది. అమ్మాయి చప్పట్ల మధ్య నుంచే పరుగెత్తింది.

ఆమె ఇంటర్వ్యూ గదిలో అడుగుపెట్టేటప్పటికి గంటకు పైగా ఆలస్యం. కారణం చెబితే బల్ల వెనకున్న ముగ్గురూ నవ్వారు. “చెవి లేకుండా చెవి చేశాడా? మమ్మల్ని నమ్మమంటావా అమ్మా?” అన్నాడు పెద్ద ఆఫీసరు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఉత్త చెవి, మచ్చ, ఆకురాయి, మోచెయ్యి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. ముగ్గురూ నోళ్లు తెరుచుకుని విని, “సరే, వెళ్లి రా” అన్నారు.

“ఉద్యోగం గురించి ఒక్క ప్రశ్న అడగలేదు!” అని ఆమె ఇంటికొచ్చి చెప్పులు విసిరికొట్టింది. మూడు రోజులు తండ్రితో మాట్లాడలేదు.

నాలుగో రోజు ఫోను మోగింది. రూల్సుగారే ఎత్తారు. “ఆఫీసు నుంచి!” అని ఆయన కళ్లు పెద్దవి చెయ్యగానే తల్లీకూతుళ్లు పరుగెత్తుకొచ్చారు. ఆయన “అలాగా... అయ్యో... తప్పకుండా” అంటూ విని, ఫోను మెల్లిగా పెట్టేశారు.

“ఉద్యోగం వచ్చిందా?”

“మార్కుల కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేశారట. చెవి పోయిందట. నువ్వు చెప్పిన మనిషిని పంపితే ఫలితం చెబుతారట.” అంతలోనే ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చింది. “ఆఫీసన్నాక చెవులు జాగ్రత్తగా ఉంచుకోవద్దూ? ఎంత బాధ్యత లేని మనుషులు!”

భార్య ఆయన వైపు చూసింది. అమ్మాయి కూడా చూసింది. ఆయన చొక్కా తొడుక్కుని, దారిపొడుగునా క్షమాపణ మాటలు వల్లె వేసుకుంటూ వీధి మలుపుకి వెళ్లారు.

కొట్టుకి తాళం వేసి ఉంది.