అరువు కలలు

కలలో మనిషి లోపలి గుట్టంతా బయటపడుతుందట. ఈ మాట మా ఆవిడ ఏదో పుస్తకంలో చదివింది. చదివి ఊరుకుంటే మీకిప్పుడు ఈ గోడు చెప్పుకునే పనే లేదు. రోజూ నేను పళ్లు తోముకుంటుంటే పక్కన నిలబడి, "రాత్రి ఏం కలొచ్చిందండీ?" అని అడగడం మొదలుపెట్టింది.

నాకొచ్చేదేమో ఒకటే కల. స్కూల్లో లైబ్రేరియన్ ఉద్యోగానికి ఆవిడ రాసిన దరఖాస్తు పన్నెండు రోజులుగా నా సంచీలోనే ఉంది. ఇచ్చి రమ్మంది, మర్చిపోయాను. గడువు కాస్తా దాటిపోయింది. రోజూ కలలో ఆ కవరు నా గుండెల మీద కూర్చుని, "ఎప్పుడిస్తావురా?" అంటోంది. ఇది చెబితే కొంప మునగదూ!

మా ఆఫీసులో పక్క సీటు గుమాస్తా ఒకడున్నాడు. మేం గురకేశ్వరరావు అంటాం. భోజనం కాగానే ఫైలు మీద తల వాల్చి కలలు కంటాడు, లేచి అందరికీ చెబుతాడు. రోజుకొకటి అరువు తెచ్చుకున్నాను.

"గాల్లో ఎగిరానే."

"అంటే ఏదో తప్పించుకు తిరుగుతున్నారు."

మర్నాడు, "చేపలు పట్టానే."

"ఏదో దాస్తున్నారు. చేతిలోంచి జారిపోతోంది."

నాకు అన్నం సహించడం మానేసింది. మూడోరోజు, "నిచ్చెన ఎక్కుతుంటే మా తోడల్లుడు లాగేశాడే" అన్నాను.

"తోడల్లుడా? మా అమ్మానాన్నలకు నేనొక్కతే కూతుర్ని కదండీ!"

ఆ తోడల్లుడు గురకేశ్వరరావు తాలూకు! ఇక దాచలేక కవరు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. "మర్చిపోయానే, ఒట్టు!"

"మర్చిపోలేదు. నేను ఉద్యోగానికెళ్తే మీరొచ్చేసరికి ఇంట్లో ఉండనేమోనని మీకు లోపల బెంగ."

అది నిజమని నాకూ అప్పుడే తెలిసింది. చచ్చేంత సిగ్గేసింది.

"నా మూలాన నీ ఉద్యోగం పోయిందే."

"ఎక్కడికీ పోలేదు. నేను మీకు కవరిచ్చిన రోజే మీ మొహం చూసి కనిపెట్టాను. మర్నాడే ఇంకోటి రాసి నేనే ఇచ్చొచ్చాను. సోమవారం చేరుతున్నా."

"మరి ఈ కలల గొడవంతా ఎందుకే?"

"మీ అంతట మీరే చెబుతారేమోనని చూశాను. మీరేమో కలలు కూడా పొరుగువాళ్లవి తెచ్చుకున్నారు."

తిట్టినా బాగుండేది. సోమవారం నేనే స్కూలు దాకా తీసుకెళ్లి, ధైర్యంగా చెయ్యూపి వచ్చాను. గేటు దగ్గర "సాయంత్రం తొందరగా వచ్చేస్తావుగా?" అని నాలుగుసార్లు అడిగానట. ఆవిడ చెబితేగానీ నాకు తెలియలేదు.