మదీనాగూడ క్లినిక్కుకు ఒక పై గది

మనిషి జీవితంలో శుభవార్తలు మూడే: పెళ్లి కుదిరిందని, ప్రమోషన్ వచ్చిందని, దరఖాస్తు పరిశీలనలో ఉందని. వీటిలో మూడోది ఎక్కువ కాలం నిలుస్తుంది.

మదీనాగూడలో చిన్న క్లినిక్కు నడిపే డాక్టర్ రోహిణికి పెళ్లయి నెల కూడా కాలేదు. శుక్రవారం మధ్యాహ్నం ఆ మూడో శుభవార్త కూడా ఫోనులో మోగింది. 'మీ విస్తరణ దరఖాస్తు పరిశీలించదగినదని పరిశీలనలో తేలినది.'

"టికెట్ అసైన్ అయింది!" అన్నాడు క్యారియర్ ఇవ్వడానికొచ్చిన భర్త వినయ్, కొత్త పెళ్లికొడుకు హుషారుతో. "మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఇంతదూరం వస్తే పార్టీ చేసుకుంటాం. శానా సంతోషం రోహిణీ!"

ఇద్దరూ రోగులందరికీ లడ్డూలు పంచారు. (షుగర్ ఉన్నవాళ్లకు చూపించి వెనక్కి తీసుకున్నారు.)

రోహిణి అడిగింది మేడమీద తలుపున్న గది ఒక్కటి కట్టుకోవడానికి మున్సిపల్ అనుమతి. ఇప్పుడున్నది ఒకే గది, మధ్యలో పూల కర్టెన్. లోపల రోగి చెప్పుకునే బాధ బయట కుర్చీల్లో ఉన్నవాళ్లకు స్పష్టంగా వినబడుతుంది. వాళ్లు ఉచితంగా సలహాలు కూడా ఇస్తారు. వీరలక్ష్మి అనే కొత్త కోడలు ఇప్పటికే మూడుసార్లు వచ్చి, కర్టెన్ వైపు చూసి, "తలనొప్పి మేడం" అని చెప్పి వెళ్లిపోయింది. అది తలనొప్పి కాదని రోహిణికి తెలుసు. ఏమిటో మాత్రం తెలియదు. ఆలస్యం చేసే కొద్దీ ముదిరేదేమోనని ఆమె భయం.

విస్తరణ ఆవశ్యకత నిర్ధారణాధికారి నరేందర్ అమావాస్యనాడు దయచేశాడు. ఒక్క రోగి లేడు.

"గిన్ని కుర్చీలు ఖాళీగుంటే ఇంకో గది దేనికి మేడం?"

"ఇయ్యాల అమాస సారూ," అంది ఆయా బుచ్చమ్మ. "అమాసనాడు దవాఖానకు ఎవలొస్తరు? నొప్పి లేస్తే గూడ రేపటిదాంక ఓర్సుకుంటరు."

"మరి నేనొచ్చిన గద?"

"మీకేం నొప్పి లేకపాయె."

"అమాసనాడు ఎవలూ కొత్త ఇంటి పునాదికి ముగ్గు పొయ్యరమ్మా. మాకు తీరిక దొరికేదే ఇయ్యాల," అంటూ ఆయన కుర్చీలన్నిటిలో ఒకసారి కూర్చుని చూసి, నివేదిక రాసుకున్నాడు: 'రోగులు శూన్యం. కుర్చీలు అధికం. గదిని విస్తరించుటకన్నా కుదించుట సమంజసం.'

రోహిణి అప్పీలు చేసుకుంది. రెండో పరిశీలన సోమవారం పడింది. ఆ రోజు మెట్లమీద కూడా జనమే.

"జర జరుగుండ్రి, నేను ఆఫీసర్ను," అన్నాడు నరేందర్.

"ఎవలైతే ఏంది, టోకెన్ తీసుకోండ్రి," అంది బుచ్చమ్మ.

టోకెన్ తీసుకుని, వంతు వచ్చాక లోపలికి వెళ్లి, ఆయన మళ్లీ రాసుకున్నాడు: 'ఉన్న గదికే పరిమితికి మించి రోగులు. ఇంకో గది కట్టినచో ఇంకా వచ్చెదరు. విస్తరణ ప్రజారోగ్యానికి హానికరం.'

రెండు నివేదికలు పొసగకపోతే సగటు తీయాలని నిబంధన ఉంది. తీశారు. అమావాస్యకూ సోమవారానికీ మధ్యస్థంగా చూడగా, గది సరిగ్గా సరిపోతోందని తేలింది.

రోహిణి నేరుగా ఆఫీసుకు వెళ్లింది.

"సార్, ఎంతమంది వస్తున్నారన్నది కాదు. ఆడవాళ్లు కొన్ని మాటలు పదిమందిలో చెప్పుకోలేరు. చెప్పకపోతే నేను మందు ఇవ్వలేను."

నరేందర్ పెన్ను ఆగింది. ఆయన మంచివాడు. (ఇలాంటి చోట్ల అదే ఇబ్బంది.)

"గీ ముచ్చట ముందే చెప్పద్దా మేడం! మా చెల్లె గూడ గిట్లనే, ఏదీ బయటికి చెప్పదు. మీరు ఫికర్ చేయకుండ్రి. గోప్యత కింద జల్దీ నడిపిస్త."

మాట నిలబెట్టుకున్నాడు. సాయంత్రానికల్లా క్లినిక్కు గేటుకు నోటీసు అంటించారు. రోహిణి, వినయ్ చేతులు పట్టుకుని ఆత్రంగా చదివారు:

'గోప్యత గది ఆవశ్యకతపై రేపు ఉదయం ఇచ్చటనే షామియానా క్రింద బహిరంగ విచారణ. రహస్యంగా చెప్పుకొనవలసిన జబ్బు గల మహిళలు స్వయంగా హాజరై, తమ పేరు, భర్త పేరు, సదరు జబ్బు మైకులో స్పష్టంగా చెప్పవలెను. చివరి వరుసకు వినబడని జబ్బులు పరిగణించబడవు.'