విద్యావతి ఇంగ్లిషు

నా భార్య విద్యావతి నన్ను ముప్పై రెండేళ్లు ఒకే ఒక ఇంగ్లిషు క్రియతో ఏలింది. ఇందులో చర్చకేమీ లేదు.

ఆ క్రియ ‘అడ్జస్ట్’. పప్పులో ఉప్పెక్కువైతే నేను అడ్జస్ట్ కావాలి. పెరుగు చాలకపోతే మజ్జిగతో అడ్జస్ట్ చేసేది. ముగ్గురు పట్టే సీటులో నలుగురు కూర్చున్నా, నా పాత ప్యాంటు కూరగాయల సంచి అయినా, తను పోలేని పెళ్లికి నన్నొక్కణ్నే తోలినా అదే మాట. నేను ఊరి బళ్లో చదివినవాణ్ని. ఒక మాటకు ఒక అర్థమని మా సారు బెత్తంతో చెప్పాడు.

కాపురం నాంపల్లిలో. జనవరిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలైతే ఆమె చుట్టాలందరికీ మా రెండు గదులే విడిది. అన్ని రోజులూ నా మంచం వాళ్లది, వంటింటి నేల నాది.

ఒక ఏడాది చుట్టాలు దిగకముందే మేల్కొన్నాను. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత డిక్షనరీ కొని, ఆ మాటకు అర్థం చదివి వినిపించాను. యంత్రాన్ని సరిచేయడం అని ఉంది. మొగుడు యంత్రం కాదన్నాను. ఇకనుంచి ఆ మాట ఎవరి నోట వస్తే వాళ్లే వంటింట్లో పడుకోవాలన్నాను.

“ఔ, గట్లనే కానీండ్రి” అంది.

అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే అనుమానించాల్సింది.

మర్నాడు పప్పులో ఉప్పెక్కువైంది. ఆ మాట అనకుండా కంచం తీసేసింది. పెరుగు అయిపోయిందని చెప్పింది, మజ్జిగ ఊసెత్తలేదు. మూడు రోజుల్లో నా బెల్టు ఒక బెజ్జం లోపలికి పోయింది. అయినా పంతం వదల్లేదు. మంచం దక్కుతుంది కదా.

నాలుగో నాడు బావమరిది వామన్‌రావు పెళ్లాం పిల్లలతో, మా అత్తగారితో ఆటో దిగాడు. విద్యావతి నా పక్కకొచ్చి మెల్లగా చెప్పింది.

“ఇంట్ల జాగ లేదు. గా మాట నేను అనొద్దాయె. లాడ్జికి పొమ్మని మీరే చెప్పుండ్రి.”

గుమ్మంలోకి వెళ్లి గొంతు సవరించుకున్నాను. ఎనభై ఏళ్ల అత్తగారు గోడ పట్టుకుని చెప్పులు విడుస్తోంది. తలెత్తి నన్ను చూసింది.

“ఏంది బిడ్డా, గిట్ల చిక్కిపోయినవ్?”

“ఏం లేదత్తమ్మా. లోపలికి రాండ్రి. అందరం జర అడ్జస్ట్ అవుదాం.”

వెనకనుంచి విద్యావతి నవ్వు వినిపించింది. వెళ్లి చూస్తే వంటింట్లో నా చాప అప్పటికే పరిచి ఉంది.

విద్యావతి పోయి నాలుగు నుమాయిష్‌లయ్యాయి. వామన్‌రావు లాడ్జిలో దిగి ఫోన్ చేస్తాడు. బావకు ఇబ్బందెందుకని అంటాడు. నాకు ఇబ్బందని అతనికెవరు చెప్పారో తెలియదు. ఈ సంగతి నా నోట రావడం ఇదే ఆఖరు. మళ్లీ అడగొద్దు.