పెన్సిల్లో పెళ్ళికూతురు

రండి రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. ఆ మూల గుసగుసలాడే ఇద్దరూ కాసేపు నోళ్ళు మూసుకోండి. మీ కబుర్లు రేపైనా చెప్పుకోవచ్చు. ఈ పెన్సిళ్ళ సంగతి ఇప్పుడు వినకపోతే రేపటికి నేనే మరోలా చెప్పేస్తాను.

ఒక పెన్సిళ్ళాయన ఉండేవాడు. చెట్టు కొట్టకుండా పెన్సిళ్ళు చేస్తాడాయన. పాత వారపత్రికల కాగితాలకు గంజి జిగురు పూసి, సన్నటి గ్రాఫైట్ కడ్డీ చుట్టూ బిగించి చుట్టి, ఆరబెడతాడు. ఇంటి వెనకున్న రేకుల షెడ్డే కార్ఖానా. ఆ రోజు పొద్దున పది గంటలకు బడులకు సరుకు ఎంపిక చేసే అధికారి వస్తున్నాడు. వంద పెన్సిళ్ళు చూసి సరేనన్నాడా, ఊళ్ళో బడులన్నిటికీ ఇవే. కాదన్నాడా, షెడ్డుకు తాళమే.

నాలుగు రోజుల కిందట పనిలో చేరిన జిగురు బాబాయి, తుమ్మినా క్షమాపణ చెప్పుకునే రకం. ఆయనకి పెన్సిళ్ళాయన మరీ మరీ చెప్పాడు. "బాబాయ్, పరీక్షించేవాళ్ళు వస్తారు. ఏం చెయ్యమంటే అది చెయ్యి. ఎదురు మాట్లాడావో, ఇద్దరం రోడ్డు మీదే!" చెప్పి, పెట్టెకు కట్టే దారం కోసం బజారుకెళ్ళాడు.

సరిగ్గా అప్పుడే ఇంట్లో పెన్సిళ్ళాయన అత్తగారు పత్రిక కోసం వెతుకుతోంది. కంటి ఆపరేషనయ్యాక ఆవిడ గది దాటి బయటికి రాలేదు. చదువుకోవచ్చని డాక్టరు చెప్పింది ఆ రోజు నుంచే. పెళ్ళిరోజున పారిపోయిన పెళ్ళికూతురు ఎక్కడికి చేరిందో చెప్పే సీరియల్ చివరి భాగాన్ని ఆవిడ నెల్లాళ్ళుగా దాచుకుంది.

"ఏమే, నా పత్రికేదే?"

"పాత కాగితాలన్నీ మొన్నే ఆయన పట్టుకుపోయారుగా అమ్మా."

"పట్టుకుపోయి?"

"పెన్సిళ్ళు చుట్టేశారు."

"నా పెళ్ళికూతుర్ని నీ మొగుడు పెన్సిల్ చేశాడా!"

చిన్న పళ్ళేలంత నల్ల కళ్ళద్దాలు తగిలించుకుని ఆవిడ షెడ్డు మీదికి దండెత్తింది. బాబాయి ఆ అద్దాలు చూశాడు, ఆ నడక చూశాడు. అధికారి వచ్చేసిందనుకుని లేచి నిలబడ్డాడు.

"ఒకటి విప్పు," అంది ఆవిడ.

పెన్సిల్ విప్పడమేమిటని అడగబోయి, యజమాని మాట గుర్తొచ్చి, వేడినీళ్ళ బకెట్టు తెచ్చాడు. గంజి జిగురాయె! రెండు నిమిషాల్లో పెన్సిల్ కాస్తా కాగితమై విచ్చుకుంది. ఆవిడ అద్దాలు పైకెత్తి చూసింది.

"పళ్ళపొడి ప్రకటన. దీంట్లో పెళ్ళికూతురు లేదు."

బాబాయి చేతులు కట్టుకున్నాడు. "ఉండాలాండి?"

"లేకపోతే నేనెందుకొచ్చినట్టు?"

"పెన్సిల్లో పెళ్ళికూతురు ఉండాలని మా ఓనరుగారు చెప్పలేదమ్మగారూ! పక్కదాంట్లో ఉందేమో, చూపిస్తానుండండి."

నాలుగోదాంట్లో పెళ్ళికూతురు రైలెక్కుతూ దొరికింది. బాబాయికి ప్రాణం లేచొచ్చింది. "ఉందమ్మగారూ! మా సరుకులో లోపం లేదు!"

"ఉంటే సరా? రైలు ఎటు పోయింది?"

ఆ రైలు కోసం మరో ముప్ఫై నానబెట్టారు. తల్లిని వెనక్కి తీసుకుపోదామని వచ్చిన కూతురు, రెండు పేజీలు చదివి, తడి కాగితాలు ఆరేయడానికి తాడు కట్టసాగింది. ఇంతలో గుమ్మంలో ఒక లావుపాటాయన, వెనకాలే ఇంకొకాయన నిలబడ్డారు. పక్కింట్లో కొత్తగా దిగినవాళ్ళనుకుంది.

"చూస్తూ నిలబడతారేంటి అన్నయ్యగారూ? ఆ చివర పట్టుకోండి!"

"అది కాదమ్మా, నేను..."

"తర్వాత చెబుదురుగాని, ముందు పట్టుకోండి! రైలు కదుల్తోంది!"

ఆయన పట్టుకున్నాడు.

పెన్సిళ్ళాయన తిరిగొచ్చేసరికి షెడ్డు నిండా కాగితాలు వేలాడుతున్నాయి. మిగతావీ ఒక్కొక్కటే బకెట్లో పడి, పెట్టెలో ఒకే ఒక్క పెన్సిల్ మిగిలింది. భుజం మీద తడి పేజీతో తాడు పట్టుకుని నిలబడ్డాడు అధికారి.

"సార్!" అన్నాడు పెన్సిళ్ళాయన. దారపుండ దొర్లిపోయింది.

"ఏ సారు?" అంది భార్య.

"బడుల సారే! నువ్వు తాడు పట్టించింది ఆయన చేత!"

బాబాయి బిక్కమొహం వేశాడు. "మరి ఈ అమ్మగారు?"

"మా అత్తగారు!"

బాబాయి బకెట్టు పక్కనే కూలబడ్డాడు. పెన్సిళ్ళాయన చేతులు జోడించాడు. "తొంభైతొమ్మిది పోయాయి సార్. ఇక మీరు దయచేయండి. తాళం నేనే వేసుకుంటాను."

"తాళమెందుకయ్యా?" అన్నాడు అధికారి. "కాగితపు పెన్సిళ్ళ కోసం నెల్లాళ్ళుగా తిరుగుతున్నాను. చెట్టు కొట్టలేదని చెప్పనివాడు లేడు. కోసి చూస్తే పైన రెండు చుట్లు కాగితం, లోపలంతా చెక్క! నువ్వు నేనడక్కముందే తొంభైతొమ్మిది విప్పి ఆరేశావు. చెక్కపేడు ఒక్కటి కనబడితే ఒట్టు. బడులన్నీ నీకే." అక్కడికక్కడే ఆర్డరు కాగితం మీద సంతకం పెట్టేశాడు.

తర్వాత రాసి చూద్దామని ఆ మిగిలిన పెన్సిల్ తీశాడు. అత్తగారు చటుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది. "చివరి పేజీ ఇంకా దొరకలేదు నాయనా."

అధికారి ఒక్క క్షణం ఆలోచించాడు. చొక్కా చేతులు మడిచి, దాన్ని తానే బకెట్లో ముంచాడు. అయిదు తలలూ దాని మీదికి వంగాయి. పెళ్ళికూతురు ఆ రైల్లోనే టిక్కెట్లు తనిఖీ చేసే ఉద్యోగంలో చేరిపోయింది. అత్తగారు తృప్తిగా నిట్టూర్చి అద్దాలు దించుకుంది.

అధికారి వెనకాల వచ్చినాయన కారు డ్రైవరు. అంతసేపూ తాడు పొడుగునా నడుస్తూ ఒక్క పేజీ వదలకుండా చదివాడు. కింద రాలిన కడ్డీలన్నీ ఏరి గుప్పిట్లో పట్టుకొచ్చి పెన్సిళ్ళాయనకిచ్చాడు.

"కథ బాగుందండీ," అన్నాడు. "పేజీ పేజీకీ మధ్యలో ఈ నల్లపుల్ల ఎందుకు పెట్టారో, అదొక్కటే అర్థం కాలా."