ఫైలు పట్టుకొచ్చిన మేడమ్

ఆ రోజు ఇంట్లో ఉన్నది అయిదుగురు: తాత గంగులప్ప, అవ్వ వెంకటలక్ష్మమ్మ, అమ్మ సరళ, సెలవు పెట్టిన నాయన మునిరాజ, ఎవరైనా పలకరిస్తే గోడకేసి చూసే పదిహేనేళ్ల కూతురు రేవతి. పుంగనూరుకు దగ్గరి పల్లె. పొద్దున అనుకున్నదల్లా వచ్చేవాళ్లకు సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టి పంపడమే.

వస్తున్నది కుప్పంలో పాఠాలు చెప్పే మధుసూదన్ సారు. ఇరవై ఏళ్లుగా ఈ ఇంటికి వస్తూ పోతూ, కూలికి పోయే కుటుంబాలు నెల జీతాలకు ఎలా చేరాయో పుస్తకం రాశాడు. అందుకు సామాజిక శాస్త్రాల అకాడమీ ఆయనకు ఫెలోషిప్ ఇవ్వాలనుకుంది. ముందు ఆయన రాసింది నిజమో కాదో ఈ ఇల్లు చూసి రమ్మని ప్రమీల మేడమ్‌ను పంపింది. ఇక ఆమె రాసేదాన్ని బట్టే అంతా.

సారుతో పాటు కారు దిగిన మేడమ్ చేతిలో ఫైలు కనబడగానే తాత కొడుకును లోపలికి లాగాడు.

"ఒరే మునిరాజా, ఫైలు తెచ్చింది సూడు! రేషన్ కార్డు పీకేస్తారు. ప్యాంటు ఇప్పేసి లుంగీ కట్టుకో పో!"

అవ్వ ఫ్రిజ్జు మీద బొంత కప్పింది. అమ్మ బండిని పెరట్లోకి తోసింది.

మేడమ్ కూర్చుని, "మీ అబ్బాయి ఏం ఉద్యోగం చేస్తారు?" అని అడిగింది.

"ఉద్యోగమా? యాడిదమ్మా! కూలి దొరికితే పోతాడు, లేకుంటే ఈడే పడుంటాడు."

మదనపల్లె ల్యాబులో పనిచేసే మునిరాజ లుంగీ సర్దుకున్నాడు. సారు ముఖం పాలిపోయింది. "గంగులప్పా, అదేందప్పా..."

"నువ్వుండు సారూ!"

"ఆ బొంత కింద ఏముంది?" అంది మేడమ్.

"వడ్ల మూటమ్మా" అంది అవ్వ. మూట గుర్రుమంది.

వడ్లుంటే కార్డు ఉండదేమోనని తాతకు అనుమానం వచ్చింది. "ఖాళీ మూటలే తల్లీ!"

మేడమ్ పెన్ను మూసింది. రేవతి సారు వైపు చూసింది. ఈ మనిషి ఏనాడూ ఫైలు తేలేదు. తాతతో పాటు మేకల వెనక నడిచాడు, అడక్కుండానే అన్నీ తెలుసుకున్నాడు. ఇరవై ఏళ్ల ఆయన కష్టం తమ ఇంట్లోనే మునిగిపోతోంది. ఆమె మేడమ్ ముందుకొచ్చింది.

"మా నాయన ల్యాబులో పనిచేస్తాడు. అది ఫ్రిజ్జు. కార్డు పోతాదని తాత అబద్ధాలు చెప్తాండాడు. సారు రాసిందంతా నిజం."

మేడమ్ నవ్వింది. "ఫైలు చూస్తే ప్రతి ఇల్లూ పేదదైపోతుందని సారు ఆఖరి అధ్యాయంలో రాశారు. అదొక్కటే నేను నమ్మలేదు. ఇప్పుడు నమ్మాను. ఫెలోషిప్ ఇవ్వమనే రాస్తాను."

"అయితే కార్డు కోసం రాలేదా నువ్వు?" అన్నాడు తాత నీరసంగా.

"లేదు తాతా. ఇంకా ఏమేం ఉన్నాయి పాపా?"

పదిహేనేళ్లుగా ఆగిన మాటలు ఒక్కసారిగా బయటపడ్డాయి. "పెరట్లో బండుండాది, మిద్దె మీద ఏసీ ఉండాది, అవ్వ పెట్టెలో..."

అవ్వ ఆమెను లోపలి గదిలోకి నెట్టి తలుపు మూసేసింది. అకాడమీ పరిశీలన అంతటితో ముగిసింది.